మూటలో బయోస్

పదకొండు ఇరవైకి, జనం మానుకోట అని పిలిచే మహబూబాబాద్ స్టేషన్‌లో రైలు దిగిన డిటెక్టివ్ సౌందర్య, పదకొండున్నరకల్లా సేవ్యా దుకాణంలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని మొదటి చాయ్ ఖాళీ చేసేసింది. ఆమె పద్ధతే అంత. ముందు చాయ్, తర్వాత ప్రశ్న. జనగామలో పదేళ్లు పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషి కనుక, ఎదుటివాడు జవాబు తెలియక నోరు మూసుకున్నాడో, తెలిసి మూసుకున్నాడో ముఖం చూసి చెప్పగలదు. సేవ్యా రెండో రకం.

"సోమవారం నాడు గా గేమ్ డబ్బాను నీ దగ్గరికి ఎవరు తెచ్చిండ్రు సేవ్యా?"

"చెప్పనక్కా."

"తెల్వదా?"

"తెలుసు. చెప్పనని మాటిచ్చిన."

"గా మాట కోసం పొద్దూకి జీపెక్కుతవా?"

సేవ్యా చేతిలోని స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. "ఎక్కుత మరి. ఏం జేద్దాం."

సౌందర్యకు కోపం రాలేదు సరికదా, ముచ్చటేసింది. ఇచ్చిన మాటకు ఇంత విలువిచ్చే మనిషి దొంగ అయ్యుంటే మాత్రం దొంగల్లోకెల్లా చాదస్తపు దొంగ అయ్యుండాలి అనుకుని రెండో చాయ్ చెప్పింది.

కేసు వినడానికి చిన్నదే. భూపాలపల్లి బొగ్గుగనిలో డంపర్ నడిపే పోశాలు ఇంట్లో, కార్మికుల క్వార్టర్‌లో, బీరువాలోంచి ఆరు తులాల బంగారం పోయింది. నాలుగు తులాల గొలుసు, రెండు తులాల గాజులు. అతని భార్య సరోజ వాటిని కిందటి వారం ఆదివారం పాలకుర్తిలో చుట్టాల పెళ్లికి పెట్టుకుని, ఆ రాత్రే ఇంటికొచ్చి బీరువాలో పెట్టింది. శుక్రవారం తెరిచి చూస్తే లేవు. తాళం పగల్లేదు. బంగారంతోపాటు కింది అరలో గుడ్డలో చుట్టిపెట్టిన ఒక పాత వీడియో గేమ్ కన్సోల్ కూడా పోయింది. ఇరవై ఏళ్ల నాటిది, డిస్కు చదవడం ఎప్పుడో మానేసింది, పాతసామాన్ల వాడు కూడా బేరమాడని వస్తువు. ఆరు తులాల బంగారం దొరికినవాడు దాన్ని ఎందుకు మోసుకుపోయాడన్నది సౌందర్య మొదటి రోజు నుంచీ నములుతున్న ప్రశ్న.

ఒక దొంగతనానికి ఇద్దరు డిటెక్టివ్‌లు ఎందుకంటే, పోశాలు బామ్మర్ది మాట కాదనలేక ఒకరిని, పెళ్లాం మాట కాదనలేక ఇంకొకరిని పెట్టుకున్నాడు. సరోజ తమ్ముడు ఐలేశ్ హనుమకొండ నుంచి గరుడ డిటెక్టివ్ సర్వీసెస్ సురేందర్‌ను తెచ్చాడు. సురేందర్ రెండు రోజుల్లో సేవ్యాను పట్టేశాడు. ఇవాళ సాయంత్రం ఆరింటికి స్టేషన్‌లో ఫిర్యాదు కాగితం ఇవ్వాలని నిర్ణయమైంది. "తప్పు జెయ్యనోని మీద వడ్డ నింద కడిగితే పోదు, ఒక్కసారి చూసి రా అక్కా," అని సరోజ పట్టుబట్టి సౌందర్యను పంపింది.

సౌందర్య లేచి దుకాణం చూసింది. పదడుగుల గది. గోడకు వరుసగా పాత కన్సోళ్లు, రిమోట్లు, వైర్లు. కౌంటర్ పైన చేత్తో రాసిన బోర్డు: 'మీ డబ్బా తెస్తేనే బయోస్. నెట్ కాపీ అడగవద్దు.'

"గిదేంది?" అంది, తెలిసే.

పని గురించి అడిగేసరికి సేవ్యా ముఖం విప్పారింది. పాత గేమ్ డబ్బాలకు డిస్కు చదివే భాగం చచ్చిపోతుంది, కొత్త టీవీలకు వాటి వైర్లు కలవవు. అందుకని అతను అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డును ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, పాత డబ్బాలా నటించే ఎమ్యులేటర్ ప్రోగ్రాం అందులో వేసి ఇస్తాడు. ఆ నటన మొదలవ్వాలంటే పాత డబ్బా చిప్‌లో ఉండే సొంత ప్రోగ్రాం కావాలి. దాన్నే బయోస్ అంటారు. స్విచ్ వేయగానే డబ్బాను నిద్రలేపేది అదే.

"నెట్ల దొరుకుతది గద," అంది సౌందర్య.

"దొరుకుతది. నేను దించనక్కా. డబ్బా కొన్నోనిదే బయోస్. ఆయన డబ్బాల నుంచి తీసి, ఆయనకే ఇస్త. డబ్బా లేనోడొస్తే చాయ్ తాపిచ్చి పంపుత."

పన్నెండేళ్లుగా ఈ పట్టుదలతోనే బతుకుతున్నాడు. జనం తమ వస్తువును నమ్మి తెచ్చి ఈ బల్ల మీద పెడితేనే అతనికి కూడు. పోలీసు జీపు ఒక్కసారి ఈ షట్టర్ ముందు ఆగిందంటే, రేపట్నుంచి చెడిపోయిన రిమోట్ కూడా ఎవరూ తేరు. అతను జైలుకు పోతాడా లేదా అన్నది తర్వాతి మాట. ఆరు గంటలకు దుకాణం మాత్రం పోతుంది.

పన్నెండు పదికి గుమ్మంలో అత్తరు వాసన వచ్చింది. దాని వెనకే సురేందర్ వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చంకలో ట్యాబ్.

"టీచరమ్మ కూడ వచ్చిండ్రా? పాఠం అయిపోయినంక వచ్చిండ్రే," అన్నాడు నవ్వుతూ.

"రివిజన్‌కు వచ్చిన సురేందరన్నా. కూసో, చాయ్ తాగు."

అతను కూర్చోలేదు. సేవ్యా ల్యాప్‌టాప్‌ను తనవైపు తిప్పుకుని, సోమవారం తేదీ ఉన్న ఫోల్డర్ తెరిచాడు. కస్టమర్లు ఫైళ్లు పోగొట్టుకుని మళ్లీ వస్తారని సేవ్యా ప్రతి బయోస్‌నూ తేదీ వేసి దాచిపెడతాడు. పేర్లు రాయడు.

"ఇగో. ఈ బయోస్ చెక్‌సమ్, అంటే ఫైలు వేలిముద్ర లెక్క, పోశాలు డబ్బా మోడల్ చెక్‌సమ్, ఒక్క అంకె తేడా లేకుండ కలిసినయి. ఇంకేం గావాలె?"

"ఒక క్లాసు పోరగాండ్లందరికీ టెక్స్ట్‌బుక్ ఒక్కటే ఉంటది," అంది సౌందర్య తాపీగా. "గా మోడల్ డబ్బాలు లక్ష ఉంటే లక్షకూ ఒక్కటే బయోస్. టెక్స్ట్‌బుక్కులు కలిసినయని పోరగాడు ఒక్కడే అంటవా?"

సేవ్యా పెదవుల మీద మొదటిసారి చిన్న నవ్వు కదిలింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"కని టెక్స్ట్‌బుక్ మీద లేబుల్ ఉంటది గద టీచరమ్మా," అన్నాడు సురేందర్. బయోస్ పక్కనే ఉన్న చిన్న ఫైలును తెరిచాడు. "బయోస్ తీస్తుంటే సెట్టింగుల చిప్ కాపీ కూడ వస్తది. గండ్ల డబ్బా సీరియల్ నంబర్ ఉంటది. చివరి అయిదంకెలు సదువుండ్రి."

నలభై వేల ఏడు వందల పదహారు.

ట్యాబ్‌లో ఇంకో ఫోటో చూపించాడు. పోశాలు బీరువా పైన ఇరవై ఏళ్లుగా దాచుకున్న ఖాళీ అట్టపెట్టె. దాని మీదా అదే నంబర్. "ఫైలు పుట్టిన టైం సోమవారం పదకొండు నలభై రెండు. ఆదివారం రాత్రి బంగారం పెట్టిండ్రు. సోమవారం పొద్దుగాల్నే డబ్బా ఈడికొచ్చింది. ఎవరు తెచ్చిండ్రంటే నోరిప్పడు. నేను తప్పు చెప్తున్ననా?"

తప్పు చెప్పడం లేదు. సౌందర్య మనసులోనే అతనికి మార్కులు వేసింది. ప్రత్యర్థి పని బాగా చేస్తే ఆమెకు ఉడుకుమోత్తనం రాదు, ఆకలి వేస్తుంది. కౌంటర్ మీది ప్యాకెట్లోంచి బిస్కెట్ తీసుకుంది.

అక్కడితో ఆగి ఉంటే సురేందర్ గెలిచేవాడే. కానీ గెలిచేటప్పుడు ఇంకొంచెం గెలుద్దామనిపించడం అతని బలహీనత. జేబులోంచి మడత కాగితం తీసి సేవ్యా ముఖం ముందు ఆడించాడు. "పోయిన వస్తువుల లిస్టు. ఐలేశ్ శనివారం నాడు రాసిచ్చిండు. గొలుసు, గాజులు, నల్ల గేమ్ డబ్బా, రెండు మెమరీ కార్డులు, అండ్ల ఒకదానికి పసుపు టేపు." బల్ల సొరుగు లాగి మూడు మెమరీ కార్డులు బయట పడేశాడు. మూడింటికీ పసుపు టేపు చుట్టి ఉంది. "ఇయి ఏంది మరి?"

"అవి నావి," అన్నాడు సేవ్యా. "గా టేపు నా గుర్తు. కస్టమర్ల కార్డులల్ల కలువకుండ చుడ్త. పాత డబ్బా తనంతట తాను బయోస్ ఇయ్యదు సార్. కాపీ తీసే ప్రోగ్రాం గీ కార్డుల ఉంటది. కార్డు డబ్బాల పెట్టి నడిపిస్తే, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లకు వస్తయి."

"మొత్తం ఎన్ని కార్డులు నీయి?" అని అడిగింది సౌందర్య.

"నాలుగక్కా. ఒకటి యాడవడ్డదో. వారం నుంచి దేవులాడుతున్న."

సౌందర్య బిస్కెట్ పక్కన పెట్టింది. అంటే పనిలో మనసు బాగా పడ్డదని అర్థం. సరోజకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"సరోజా, మీ గేమ్ డబ్బాకు కార్డులెన్ని?"

"ఒక్కటే అక్కా. బూడిద రంగుది."

"పసుపు టేపు ఉన్నదా దానికి?"

"టేపు గీపు ఏం లేదు."

"లిస్టు ఎవరు రాసిండ్రు?"

"మా తమ్ముడే. మా చేతులాడక కూసున్నం, ఆయనే అన్ని రాసిండు."

"గంతకుముందు ఐలేశ్ మీ ఇంటికి ఎప్పుడొచ్చిండు?"

"శనివారమే. నెల దినాల తర్వాత వచ్చిండు. పాలకుర్తి పెండ్లిల కలిసినం గని, భూపాలపల్లి మొకం జూడలే."

సౌందర్య ఫోన్‌ను చేత్తో మూసి సురేందర్ వైపు తిరిగింది. "విన్నవు గద. నాలుగో కార్డు సోమవారం పదకొండు నలభై రెండు తర్వాత ఈ దుకాణం నుంచి గా డబ్బాల ఉండిపోయి బయటికి వోయింది. పోశాలుకు, సరోజకు దాని సంగతే ఎరుకలే. మరి నెల నుంచి గా ఇంట్ల అడుగు పెట్టని ఐలేశ్‌కు ఎట్ల తెలిసింది?"

సురేందర్ కాగితాన్ని మళ్లీ చదువుకున్నాడు. పప్పులో కాలేసిన సంగతి అతనికి అర్థమైంది. అయినా వెంటనే ఒప్పుకునే ఘటం కాదు. "అయితే ఐలేశ్, సేవ్యా కలిసి చేసిండ్రనుకోవచ్చు గద. ఐలేశ్ తెచ్చిండు, ఈయన కాపీ తీసిండు. అందుకే పేరు చెప్తలేడు."

అది న్యాయమైన మాటే. డబ్బా తెచ్చినవారు ఎవరో తేలితే తప్ప సేవ్యా బయటపడడు. సౌందర్య బల్ల మీద దాదాపు పూర్తయి ఉన్న ఒక కొత్త పెట్టెను చేతిలోకి తీసుకుంది. మిగతా పెట్టెలకు లేనిది దీనికొకటి ఉంది. స్విచ్ మీద ఎర్రటి బొట్టుబిళ్ల, పెద్ద సైజుది, గమ్‌తో అతికించి ఉంది. వేలితో తడిమితే ఎత్తుగా తగులుతోంది. కళ్లు సరిగ్గా కనబడనివాళ్ల కోసం చేసిన ఏర్పాటు. ఆ సైజు బొట్టు పెట్టుకునేది పెద్దవయసు ఆడవాళ్లు.

ఫోన్ మీంచి చేయి తీసింది. "సరోజా, మీ అత్తమ్మ ఓదెమ్మ యాడున్నది?"

"తొర్రూరుల, మా ఆడిబిడ్డ ఇంట్ల. మంగళారమే పోయింది. బుధారం కన్ను ఆపరేషనైంది. మేం గిప్పుడు ఆడికే బయలెల్లినం, నాలుగింటికి చేరుతం. ఐలేశే కారు నడుపుతున్నడు." సరోజ గొంతు తగ్గించింది. "అక్కా, ఆమెకు బంగారం పోయిన సంగతి చెప్పలే. కంట్ల నీళ్లు రావద్దన్నడు డాక్టర్. నువ్వు వస్తే జర యాదికుంచుకో."

"సోమవారం ఆమె యాడికన్న పోయిందా?"

"హనుమకొండ దవాఖానకు పోతున్ననని తెల్లారకముందే బస్సెక్కింది. చీకటి పడ్డంక వచ్చింది."

ఫోన్ పెట్టేసి, సౌందర్య ఆ పెట్టెను జాగ్రత్తగా సేవ్యా చేతిలో పెట్టింది. "కన్ను నయమైనంక ఇస్తనన్నవా?"

సేవ్యా పెట్టెను రెండు చేతులా ఒడిసిపట్టుకున్నాడు. "నేనైతే ఏం చెప్పలే," అన్నాడు.

"నువ్వేం చెప్పలే. గా సంగతి నేనే ఆమెకు చెప్త."

తొర్రూరుకు సురేందర్ కారులోనే పోయారు. టీచరమ్మ ఓడిపోవడం కళ్లారా చూడాలని ఎక్కించుకున్నట్టు చెప్పాడు గానీ, దారిలో రెండుసార్లు లిస్టు తీసి చూసుకోవడం సౌందర్య గమనించింది. ఏసీ చల్లగా తగులుతుంటే ఆమె హాయిగా ఒక కునుకు తీసింది.

నాలుగూ పదికి ఆ ఇంటి ముందు పోశాలు వాళ్ల కారు ఆగి ఉంది. లోపల మంచం మీద నల్ల కళ్లద్దాలతో ఓదెమ్మ, ఎత్తుగా దిండు పెట్టుకుని ఆనుకుని కూర్చుంది. చుట్టూ కొడుకు, కోడలు, ఐలేశ్. అందరి ముఖాల మీదా నవ్వులే. ఇంట్లో ఏమీ జరగలేదని ఒక మనిషిని నమ్మించడానికి ఎంత నవ్వు కావాలో అంతకు రెండింతలు నవ్వుతున్నారు.

సౌందర్య మంచం పక్కన పీట వేసుకుంది. బంగారం పేరెత్తకూడదు, దొంగ అన్న మాట రాకూడదు, ముసలామె కంట నీరు తిరగకూడదు. ఇన్నాళ్ల తన పనిలో ఇంత సుతారమైన విచారణ ఆమెకు ఎప్పుడూ తగల్లేదు. పైపెచ్చు, లోలోపల ఆమెకు సరదాగా కూడా ఉంది.

"అవ్వా, నేను మానుకోట నుంచి వచ్చిన. సేవ్యా నీ పేరు చెప్పలే. నేనే పట్టుకున్న."

ఓదెమ్మ నాలుక్కరుచుకుంది. తర్వాత పకపకా నవ్వింది. "పిలగాడు మంచోడు. నేనే చెప్పొద్దన్న."

"ఏంది అమ్మా? సేవ్యా నీకెట్ల ఎరుక?" అన్నాడు పోశాలు. సురేందర్ నోటి నుంచి దొంగ అని మూడు రోజులుగా విన్న మనిషిని తల్లి ముద్దుగా మెచ్చుకునేసరికి అతను ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"ఏం లేదురా. నీ వీడియో గేమ్ లేదూ, బొనసు పైసలతోని కొంటివి సూడు? నీ బీరువలదే. అది బాగు చేపిద్దామని కొంటవోయిన. గీ వాడకట్టుల ఒకరింట్ల గసొంటి కొత్త డబ్బా చూసి, ఎవరు చేసిండ్రని అడిగి పెట్టుకున్న. ఆడోళ్లకు టికెట్ లేని బస్సే గద, రెండు బస్సులు మారిన. ఆ పిలగాడు అండ్లకెల్లి ఏందో తీసుకున్నడు, బయోసో ఏందో, మల్ల డబ్బా నాకే ఇచ్చిండు. సోమవారం రాత్రి నీ బీరువల యథావిధిగ పెట్టిన. పండుగకు కొత్తది నీ ముందట పెడ్దామనుకున్న."

"నాకెందుకే గిప్పుడు గేమ్?"

"డంపర్ ఎక్కి ఎక్కి నీ నడుము పోయింది. డ్యూటీ దిగొచ్చి టీవీ ముందు గోడ లెక్క కూసుంటవ్. అప్పుడు గా గేమ్ ఆడుకుంట దగ్గొచ్చేదాక నవ్వెటోనివి." ఓదెమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. "మల్ల నవ్వంగ సూద్దామనుకున్న. కొత్త కన్నుతోని."

పోశాలు గబుక్కున లేచి గోడవైపు తిరిగాడు. తల్లి ఎదుట ఏడిస్తే ఆమె ఏడుస్తుంది. అందుకని క్యాలెండర్‌లో తేదీలు చూస్తున్నట్టు చాలాసేపు నిలబడ్డాడు.

"బీరువల ఎట్ల పెట్టినవు అవ్వా, గుడ్డలనేనా?" అని అడిగింది సౌందర్య.

"నా పాత చీర చెంగుల చుట్టి ఏడు ముళ్లు ఏసిన. జారితే పగులుతది గద."

"లోపట పసుపు టేపుది ఒక కార్డు ఉండె. సేవ్యా మర్చిపోయిండట."

"నాకేం ఎరుక బిడ్డా. అప్పుడు నాకు కన్నెక్కడిది?"

సౌందర్య ఐలేశ్ వైపు చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది. అతని కాళ్లు అప్పటికే గుమ్మం వైపు తిరిగాయి. ఆమె లేచి, "ఐలేశ్, జర నీళ్ల ట్యాంకు దిక్కు రా, మాట్లాడేది ఉన్నది," అంది మామూలుగా. వెనకే పోశాలు, సరోజ, సురేందర్ నడిచారు.

ట్యాంకు దగ్గర సౌందర్య ఒకటే ప్రశ్న వేసింది. "మూట విప్పితే తప్ప కనవడని కార్డు నీ లిస్టులకు ఎట్ల వచ్చింది?"

ఐలేశ్ అక్క ముఖం చూశాడు, బావ ముఖం చూశాడు, చివరికి తాను తెచ్చుకున్న సురేందర్ ముఖం చూశాడు. ఎక్కడా ఆసరా దొరకలేదు.

"మీ ఇంటికి నేనే వచ్చిన," అన్నాడు. "బేస్తారం రెండింటికి. బావ డ్యూటీల ఉన్నడు, అక్క సంఘం మీటింగ్‌కు వోయింది. కోత మిషన్‌ల వాటా పెట్టుమంటే బావ వద్దన్నడు. ఆ కోపం ఉండె నాకు. తాళంచెవి క్యాలెండర్ ఎనుకనే ఉన్నది."

సరోజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పోశాలు ఒక అడుగు ముందుకు వేస్తే సురేందర్ చేయి పట్టి ఆపాడు.

"బంగారం యాడున్నది?" అంది సౌందర్య.

"నా పిల్లల మీద ఒట్టక్కా, బంగారం నేను తియ్యలే. నగల డబ్బి తెరిస్తే ఖాళీగున్నది. కింద చూస్తే మూట, ఏడు ముళ్లు. ముసలామె గంత గట్టిగ కట్టిందంటే అండ్లనే దాచిందనుకున్న. పాలకుర్తిల ఇంటికి కొంటవోయి విప్పితే గేమ్ డబ్బా. స్క్రూలు కూడ ఇప్పి చూసిన. ఏం లేదు. గిసొంటి డబ్బాల పని మానుకోటల సేవ్యా చేస్తడని విన్న. గంతే, ఆయన మీదికి పోతదని సురేందరన్నకు ఆయన పేరు అందించిన."

ఇన్ని రోజులు సౌందర్య నమిలిన ప్రశ్నకు జవాబు దొరికింది. డబ్బా కోసం ఎవడూ డబ్బాను ఎత్తుకుపోలేదు. బంగారమనుకుని ఎత్తుకుపోయాడు.

"బుకాయిస్తుండు," అన్నాడు సురేందర్. మోసపోయినవాడి కసి గొంతులో ఉంది. "నన్ను అడ్డం పెట్టుకున్నవు గదరా. నడువు, ఆరింటికి కాయితం నీ పేరు మీద రాస్త."

"ముందు ఫోన్," అంది సౌందర్య.

పోశాలుకు అర్థమైంది. సేవ్యా నంబర్‌ తీసుకుని తనే చేశాడు. "తమ్మీ, నేను భూపాలపల్లి పోశాలును. నీ మీద తప్పు నింద ఏసినం. కాయితం ఇస్తలేం. మాఫ్ చెయ్యి." అవతలి నుంచి సేవ్యా, "అవ్వకు నేను చెప్పలేదని జర చెప్పుండ్రి అన్నా," అన్నాడు. ఐదు కూడా కాలేదు, దుకాణం నిలబడింది. ఆ సంతోషంలో సౌందర్యకు ఎక్కడైనా చాయ్ దొరికితే బాగుండుననిపించింది.

కానీ ఆరు తులాలు ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఐలేశ్ అబద్ధమాడుతున్నాడని సురేందర్ అంటాడు. సౌందర్యకు అలా తోచలేదు. సోమవారం రాత్రి బీరువా తెరిచిన మనిషి ఇంకొకరు ఉన్నారు. ఆ మనిషిని ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడిగితే ఏడుస్తుందని.

"సరోజా, పోయి మీ అత్తమ్మనే అడుగు. నవ్వుకుంట అడుగు," అంది.

సరోజ మంచం అంచున కూర్చుంది. మిగతావాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. "అత్తా, నా గొలుసు, గాజులు బీరువల నువ్వేమన్న చూసినవా?" అంది. నవ్వు బాగానే వచ్చింది, గొంతే వణికింది.

"చూసుడేంది? నా దగ్గర్నే ఉన్నయి," అంది ఓదెమ్మ.

వీపు వెనక దిండు గలీబులో చేయి పెట్టి, చిన్న గుడ్డసంచి తీసి కోడలి ఒళ్లో వేసింది. గొలుసు, రెండు గాజులు. సరోజ వాటిని చూసి, ఇన్ని రోజులు ఆపుకున్నదంతా ఒక్కసారి ఏడ్చేసింది.

"నన్ను ఏడవద్దని నువ్వు ఏడుస్తవేంది?" అంది ఓదెమ్మ తెల్లబోయి.

"ఒక్క మాట చెప్పకపోతివి అమ్మా," అన్నాడు పోశాలు, కోపమో సంతోషమో తెలియని గొంతుతో.

"మీరు అడిగిండ్రా? ఫోన్ జేసినప్పుడల్ల అంత మంచిదే అమ్మా, అంత మంచిదే అనవడ్తిరి. వచ్చినంక ఇద్దామని ఊకున్న."

"ఎందుకు తియ్యాలనిపిచ్చింది అవ్వా?" అని అడిగింది సౌందర్య.

ఓదెమ్మ చీర అంచు నలుపుతూ కూర్చుంది. "పాలకుర్తి పెండ్లిల ఒకరు నా పక్కకు కూసున్నరు. అత్తా, తాళంచెవి ఇంకా క్యాలెండర్ ఎనుకనే పెడ్తున్నరా అని ముద్దుగ అడిగిండ్రు. ఉన్నదున్నట్టు చెప్పిన. చెప్పినంక నాకు నిద్ర పట్టలే. పేరు చెప్తే పాపం ఆ అడిగినోని బతుకు ఆగమైతది. వస్తువు జరిపితే ఇద్దరికీ మంచిదని, పోతా పోతా నా ఎంట తెచ్చుకున్న. ఎవరూ ఏం తియ్యలే గద?"

ఏమీ పోలేదని చెప్పడానికి సరోజ నోరు తెరిచింది. అంతలో గుమ్మంలోంచి ఐలేశ్ ముందుకొచ్చి మంచం కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"తీసిన అత్తా. నీ మూట తీసిన. గండ్ల బంగారం ఉన్నదనుకున్న. ఆ నేరం సేవ్యా మీద ఏసిన."

సౌందర్య ఆ నల్ల అద్దాల కిందకే చూసింది. చెంపల మీదకు ఏమీ జారలేదు. ఓదెమ్మ చేయి చాచి, తడుముకుని, ఐలేశ్ భుజం పట్టుకుంది.

"రేపు పొద్దుగాల మానుకోటకు పో. డబ్బాను నీ చేత్తోనే గా పిలగాని బల్ల మీద పెట్టి, ఎందుకు తెచ్చినవో నీ నోటితోనే చెప్పు," అంది. "ఆయన ఏమంటె అది పడు."